ఇసుక దిబ్బ ఏడ్చిన సాయంత్రం

నా చిన్నప్పుడు, దాదాపు ఒక ఏడాది పాటు, మా ఇంటి గ్రిల్లుకు పగలంతా తాళం ఉండేది కాదు. సింగపూరులోని జురాంగ్ వెస్ట్‌లో, బాగా పైఅంతస్తులో ఉండేది మా ఫ్లాట్. ముందు పొడవాటి వరండా, దాని వెంట వరసగా ఇళ్ళు. గాలి కోసం అందరూ చెక్క తలుపు బార్లా తెరిచి, బయట ఇనుప గ్రిల్లుకు తాళం వేసుకునేవాళ్ళు. మా అమ్మ ఒక్కతే తాళం వేయనిచ్చేది కాదు. తాళం వేసి ఉంటే తమ్ముడు లోపలికి ఎలా వస్తాడని ఆమె భయం.

తమ్ముడు అప్పటికే లేడు. వాడికి నాలుగేళ్ళు నిండీ నిండకుండానే జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నాన్న భుజం మీద వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. వాడికి అడుగు వేస్తే కీచుమనే రబ్బరు చెప్పులుండేవి. సాయంత్రాలు వరండా ఆ చివర నుంచి ఈ చివరకు కీచుకీచుమంటూ పరిగెత్తేవాడు. వాడు పోయాక మా అమ్మకు ఆ చప్పుడు వినిపించేది. కూర తరుగుతూ తరుగుతూ కత్తిపీట మీదే చెయ్యి ఆపేసి తల ఎత్తేది. లేచి వెళ్ళి వరండాలోకి చూసేది. కాసేపు అలాగే నిలబడి, తిరిగి వచ్చి కత్తిపీట ముందు కూర్చునేది.

అందరూ ఆమెకు ఒకే మాట చెప్పేవారు. పక్కింటి తమిళ ఆంటీ చెప్పేది. నాన్న స్నేహితులు చెప్పేవారు. కడప నుంచి వచ్చే ఉత్తరాల్లో మా పెద్దమ్మ చెప్పేది. ఏమీ లేదు, అదంతా నీ మనసులోనే ఉంది, మరిచిపో. వాళ్ళలో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నాన్న అందరికంటే ఎక్కువసార్లు చెప్పేవాడు. "ఏం లేదు, గాలి. రా లోపలికి," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన అమ్మ మొహంలోకి చూసేవాడు కాదు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది.

తమ్ముడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. పేరు ఎత్తితే అమ్మకు ఎక్కువవుతుందని. ఎత్తకపోయినా ఆమెకు తక్కువేమీ కాలేదు. ఒక మనిషి పేరు ఒక ఇంట్లో నిషిద్ధమైతే, ఆ ఇంట్లో ప్రతి నిశ్శబ్దం అతని పేరే పలుకుతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇలా చెప్పడం రాదు. నేను మాత్రం ఆ ఏడాదంతా అడుగుల చప్పుడు కాకుండా నడవడం నేర్చుకున్నాను. నా అడుగు విని అమ్మ గబుక్కున తల తిప్పి, వచ్చింది నేనని తెలిసి మళ్ళీ తల తిప్పుకోవడం నేను చూడలేకపోయేదాన్ని.

నాన్న చమురు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో పంపులు బాగుచేసే పని చేసేవాడు. ఇప్పుడు జురాంగ్ ఐలాండ్ అంటున్న చోట అప్పట్లో విడివిడిగా చిన్న చిన్న దీవులుండేవి. పొద్దున్నే పడవ ఎక్కి పనికి వెళ్ళేవారు. ఆ ఏడాది ఆయన్ను కొన్ని నెలల పాటు ఒమాన్ దేశంలోని ఎడారికి పంపారు. అక్కడ కొత్తగా పెట్టిన పంపులు నడిపించి చూడాలి. డిసెంబరులో నాకు బడి సెలవులు. నన్నూ అమ్మనూ కూడా రమ్మన్నాడు. అక్కడ వరండాలు లేవు, పక్కింటి పిల్లలు లేరు, చెప్పుల చప్పుళ్ళు లేవు, అక్కడైతే ఆమెకు కాస్త నెమ్మదిస్తుందని ఆయన ఆశ. పాపం, ఆయన లెక్క తలకిందులైంది. సింగపూరులో బస్సుల రొద, మార్కెట్ రొద, ఇరుగుపొరుగు రేడియోలు కలిసి ఆమె వినే చప్పుడును ఎంతో కొంత కప్పి ఉంచేవి. ఎడారిలో కప్పేందుకు ఏమీ లేదు.

మేము దిగింది రేకుల గదులున్న ఒక శిబిరంలో. చుట్టూ కంచె, కంచె అవతల ఆకాశం దాకా ఇసుక. వచ్చిన మొదటి వారం అమ్మ ఆ రేకుల గది గుమ్మంలో కూర్చుని బయటకు చూస్తూ ఉండిపోయింది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది.

కంపెనీ బండ్లకు ఇసుకలో దారి చూపడానికి ఒక అరబ్బు మనిషి వచ్చేవాడు. అతనిది ఒంటెలనూ మేకలనూ తోలుకుని గడ్డి ఉన్న చోటికల్లా మకాం మార్చే జాతి. పొడుగ్గా, ఎండు కొమ్మలా ఉండేవాడు. ఇండియా వాళ్ళతో పనిచేసీ చేసీ అతనికి విరిగిన హిందీ వచ్చింది. మా నాన్న కడపలో తురకవాళ్ళ వీధి పక్కనే పెరిగాడు, ఉర్దూ బాగా వచ్చు. అలా ఇద్దరికీ మాట కలిసింది. ఒకరోజు అతను గుమ్మంలో కూర్చున్న అమ్మను చూసి, నాన్నను పక్కకు పిలిచి ఏదో అన్నాడు. మీ ఇంటావిడ ఇక్కడ కంచెలో ఎందుకు, మా అమ్మ దగ్గరకు తీసుకురా, నాలుగు రోజులు ఉండండి అన్నాడట. ఏం జరిగిందని అడగలేదు. ఇంటికి వచ్చిన అతిథిని ఎందుకు వచ్చావని అడగడం వాళ్ళలో మర్యాద కాదని నాన్న తర్వాత చెప్పాడు.

ఆ ప్రయాణం నాకు ఇంకా ఒంట్లో ఉంది. ఎత్తు చక్రాల బండి, టైర్లలో గాలి సగం తీసేశారు. దిబ్బ ఎక్కేటప్పుడు ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. శిఖరం మీద ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, కడుపులో పేగులు పైకి లేచేలా కిందికి జారుతుంది. మొదట నేను కేకలు పెట్టాను. తర్వాత తర్వాత కిటికీకి మొహం ఆనించి చూస్తూ కూర్చున్నాను. ఎటు చూసినా ఒకటే రంగు. మేము వచ్చిన దారి వెనక్కి తిరిగి చూస్తే, చక్రాల గుర్తుల అంచులు అప్పటికే గాలికి కరిగిపోతున్నాయి. మనుషులు ఇక్కడ ఎలా బతుకుతారన్న ప్రశ్న నాకు రాలేదు. ఇక్కడ తప్పిపోయినవాళ్ళు ఏమవుతారన్న ప్రశ్నే వచ్చింది. నేను ఎవరినీ అడగలేదు.

సాయంత్రానికి రెండు పెద్ద దిబ్బల మధ్య పల్లంలో, ఒక వంకర చెట్టు కింద, మేక వెంట్రుకలతో నేసిన నల్లటి గుడారం కనిపించింది. బండి దిగగానే అమ్మ గుడారాన్ని చూడలేదు, చెట్టు దగ్గరకు వెళ్ళింది. కొమ్మ వంచి ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"ఇది జమ్మి చెట్టు గదా," అంది.

ఎన్నో వారాలకు ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అది. నిజంగానే జమ్మి. దసరాకు మా ఊళ్ళో అందరూ ఆకు పంచుకునే జమ్మి, సముద్రం దాటి ఆ ఇసుకలో పచ్చగా నిలబడి ఉంది.

గుడారంలోంచి ఒక ముసలావిడ బయటకు వచ్చింది. ఆమెను చూసి నేను అమ్మ వెనక దాక్కున్నాను. మొహానికి నల్లగా మెరిసే గట్టి గుడ్డ ముసుగు. కళ్ళకు రెండు రంధ్రాలు, ముక్కు మీద గద్ద ముక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన మడత. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళంతా అలాంటిదే కట్టుకుంటారట. అది తెలియని నాకు ఆమె ఒక పెద్ద పక్షిలా కనిపించింది. నేను మనసులో ఆమెను ముసుగవ్వ అనుకున్నాను, ఇప్పటికీ అదే పేరు. ముసుగవ్వ అమ్మ ముందు నిలబడి, ఆమె చేతిలోని జమ్మి ఆకును చూసింది. తనూ ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసింది. అంతే. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

యాలకుల వాసన వేసే పలచటి కాఫీ పోశారు. పిడి లేని చిన్న గిన్నెలు. తాగిన కొద్దీ పోస్తూనే ఉంటారు, చాలంటే గిన్నెను చేతిలో అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. నాన్న మర్యాదకు తాగుతూనే పోయాడు. చివరకు అవ్వ కొడుకు పగలబడి నవ్వి, గిన్నె ఊపడం చూపించాడు. అమ్మ పెదవుల మీద ఒక చిన్న కదలిక వచ్చింది. నాన్న దాన్ని చూశాడు. తెచ్చింది మంచి పనే అనుకుని ఉంటాడు.

ఆ గుడారంలో ముసుగవ్వ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. మేకల పాలు పిండుతుంది, రొట్టె కాలుస్తుంది, అదీ లేకపోతే ఉన్ని వడుకుతుంది. నడుస్తూ కూడా వడికేది. కదురు ఆమె పక్కన బొంగరంలా తిరుగుతూ ఉండేది. మాట్లాడేది తక్కువ. మాట్లాడినా మాకు అర్థం కాదు. కానీ మొదటిరోజు నుంచే ఆమె ఒకటి గమనించింది. ముసుగు రంధ్రాల్లోంచి ఆ కళ్ళు మా అమ్మనే చూసేవి. అమ్మ పని మధ్యలో ఆగి తల ఎత్తినప్పుడల్లా అవ్వ కదురు కూడా ఆగేది. అమ్మ తల దించాకే మళ్ళీ తిరిగేది.

మరునాడు మధ్యాహ్నం నాన్నా, అవ్వ కొడుకూ నీళ్ళ కోసం బండిలో బావి దాకా వెళ్ళారు. గుడారంలో అవ్వ, అమ్మ, నేను. అప్పటిదాకా కదలకుండా ఉన్న గాలి మెల్లగా లేచింది. దిబ్బల అంచుల మీద ఇసుక పొగలా ఎగరసాగింది. జమ్మి కొమ్మలు గుడారానికి రాసుకుంటున్నాయి.

అప్పుడు వచ్చింది ఆ శబ్దం.

మొదట చాలా దూరాన తుమ్మెద రొదలా ఉంది. తర్వాత పెరిగింది. సన్నగా, సాగదీసి, ఆగి, మళ్ళీ మొదలై. పిల్లవాడు ఏడ్చీ ఏడ్చీ అలిసిపోయి, ఎవరూ రాకపోయేసరికి తనలో తాను మూలిగే ఏడుపు ఉంటుందే, అచ్చం అలా.

అమ్మ నా వైపు తిరిగింది. ఆమె కళ్ళలో భయం లేదు. నేను మరిచిపోలేనిది అదే. సంతోషం ఉంది.

"ఇనపడతాందా పాపా? వాడేనే. యాడనో ఏడుస్తాండాడు."

నేను అబద్ధం చెప్పలేకపోయాను. "మా, నాకూ వినిపిస్తోంది లా," అన్నాను. ఆ వయసులో నా నోట సింగపూరు మాటలే వచ్చేవి, భయంలో మరీనూ.

అమ్మ లేచి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. ఆ తర్వాత జరిగింది చాలా మామూలుగా జరిగింది. ముసుగవ్వ లేచి వచ్చి, వడికిన ఉన్ని పోగుల చుట్ట, చిలప, ఒకటి తీసుకుని, అమ్మ రెండు చేతులూ ముందుకు చాపించి వాటికి తగిలించింది. దాని కొస పట్టుకుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. పని సాయం అడిగినట్టే. చేతులకు చిలప తగిలించుకున్న మనిషి పరిగెత్తలేదు, చేతులు దించినా చిక్కుపడుతుంది. అమ్మ ఒక్క క్షణం తన చేతుల వైపు చూసుకుంది. అయినా ఆగలేదు. చేతులు అలాగే చాపుకుని బయటకు నడిచింది. అవ్వ ఆపలేదు, కేకలు పెట్టలేదు, చెయ్యి పట్టుకుని లాగలేదు. ఉండ చుట్టుకుంటూ ఆమె పక్కనే నడిచింది. నన్ను చూసి, రమ్మన్నట్టు తల ఊపింది.

అలా ముగ్గురం బయలుదేరాం. ముందు చేతులు చాచిన మా అమ్మ, ఆమె పక్కన ఉన్ని చుట్టుకుంటూ ముసుగవ్వ, వెనక నేను. శబ్దం ఎదుటి దిబ్బ మీద నుంచి వస్తోంది. ఇసుకలో అడుగు వేస్తే సగం వెనక్కే జారుతుంది. కాళ్ళకు ఇసుక సూదుల్లా తగులుతోంది. వెనక్కి చూస్తే గుడారం అరచేయంత అయింది. మరోసారి చూస్తే ఇసుక పొగలో లేనే లేదు. నేను ఏడుపు మొదలుపెట్టాను. అవ్వ ఒక చేత్తో ఉన్ని ఉండ పట్టుకుని, రెండో చేతిని నా నెత్తి మీద పెట్టింది. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది.

దిబ్బ శిఖరానికి చేరాక అవతల వైపు కనిపించింది. ఇక దిబ్బలు కూడా లేవు. గుర్తు పట్టడానికి ఒక చెట్టు, ఒక రాయి లేని మైదానం. శబ్దం ఇప్పుడు అటు నుంచి వస్తున్నట్టుంది. అమ్మ ఆగకుండా దిగబోయింది.

అప్పుడు ముసుగవ్వ కూర్చుంది. ఎక్కడంటే, గాలికి నేల మీద జీరాడుతున్న మా అమ్మ పమిట కొంగు మీద. బరువంతా వేసి, కాళ్ళు చాపుకుని, తన ఇంటి గుమ్మంలో కూర్చున్నంత తీరికగా కూర్చుంది. అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది, చీర లాగింది. వెనక్కి తిరిగి చూసింది. అవ్వ ఆమె మొహంలోకి చూడను కూడా చూడలేదు. శబ్దం వస్తున్న వైపు తిరిగి, చెవి ఒగ్గి వింటోంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పురాణం వినేటప్పుడు కూర్చుంటారే, అంత శ్రద్ధగా.

అమ్మ మరోసారి లాగింది. ఇంకోసారి. తర్వాత అవ్వ పక్కన కూలబడింది. నేను ఇద్దరి మధ్యా దూరాను.

ముగ్గురం విన్నాం. ఎంతసేపో చెప్పలేను. ఏడాదిగా లోపల తిరుగుతున్నది ఒక్కసారిగా నోటిలోకి వచ్చినట్టు, అమ్మ "బుజ్జిగా!" అని అరిచింది. ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు. ఎడారి ఎడారంతా వినేలా అరిచింది. అరిచి, మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడు పోయాక ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. అవ్వకు అది ఎవరి పేరో తెలియదు. అయినా నోరు తిరగక తిరగక, "బుజీ, బుజీ," అని రెండుసార్లు, చాలా మెల్లగా, గాలిలోకి అంది.

కాసేపటికి గాలి తగ్గింది. అవ్వ వంగి, దిబ్బ నిటారు వైపున రెండు చేతులతో ఇసుకను తోసింది. ఇసుక పొరలా విడిపోయి కిందికి జారింది. జారుతూ మూలిగింది. అదే శబ్దం. నా కాళ్ళ కింద నేల అదరడం తెలిసింది. అవ్వ అమ్మ వైపు చూసి, చేతిలోకి ఇసుక తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచింది. ఇసుక అని చెప్పింది, మాట లేకుండా. అమ్మ తల ఊపింది. ఆమె మూర్ఖురాలు కాదు, అర్థమైంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ జరిగింది చెప్పాలి గదా. ఇసుక జారడం ఆగింది. గాలి పూర్తిగా పడిపోయింది. ఒక్క గింజ కదలడం లేదు. ఆ నిశ్శబ్దంలో, మైదానం అవతల నుంచి, సన్నగా ఒక్కసారి మళ్ళీ వినిపించింది. అమ్మ నన్ను చూసింది. నేను అవ్వను చూశాను. అవ్వ కూడా విన్నది. ఆమె అరచేయి అమ్మ మోకాలి మీద పడి అక్కడే ఉండిపోయింది. దానికి మాత్రం ఆమె ఇసుక చూపించలేదు.

నాన్నా, అవ్వ కొడుకూ తిరిగి వచ్చి గుడారం ఖాళీగా ఉండటం చూసి, గాలి మిగిల్చిన మా అడుగుల గుర్తులు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. దిబ్బ మీద మమ్మల్ని చూశాక నాన్న మోకాళ్ళ మీద ఇసుకలో పడిపోయాడు. ఆయాసం మధ్యలో అన్న మొదటి మాట అదే, ఆయనకు అలవాటైన మాట. "ఏం లేదు. ఏం లేదు, గాలి." అది ఎవరికి చెబుతున్నాడో ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అందరం కూర్చున్నాం. మంటలోకి జమ్మి పుల్లలు వేస్తూ ముసుగవ్వ కొడుకుతో చాలాసేపు మాట్లాడింది. అతను దాన్ని తన విరిగిన హిందీలో చెప్పాడు. నాన్న మాకు మన మాటల్లో చెప్పాడు. మూడు నోళ్ళు దాటి వచ్చినా ఆ కథ బరువు తగ్గలేదు.

అవ్వ చిన్నప్పుడు ఆమె తండ్రి తప్పిపోయిన ఒంటెలను వెతుక్కుంటూ వెళ్ళి తిరిగి రాలేదట. అవ్వకు ఒక అక్క ఉండేది. ఇసుక ఏడ్చిన రోజుల్లో ఆ అక్కకు తండ్రి పిలుస్తున్నట్టు వినిపించేది. చెబితే తల్లి కసిరింది. మేనమామలు నవ్వారు. ఇసుకే, ఏమీ లేదు, పని చూసుకో అన్నారు. అక్క చెప్పడం మానేసింది. చెప్పడం మానేసింది గనక వినిపించడం మానేసిందని అందరూ అనుకున్నారు. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా ఒక్కతే లేచి వెళ్ళిపోయింది. గాలి ఆమె అడుగులను కూడా మిగల్చలేదు.

"అది ఇసుకేనని మా అక్కకు తెలియదా?" అందట అవ్వ. "తెలుసు. ఇసుకలో పుట్టింది. కానీ ఆ ఇసుక మా నాన్న గొంతుతో పిలిచింది. మాలో ఒక్కరైనా 'విన్నాను, పద, నేనూ వస్తా' అని ఉంటే ఇద్దరు వెళ్ళేవాళ్ళు. ఇద్దరు వెళ్తే ఒకరికి దాహం వేస్తుంది, ఒకరికి ఇల్లు గుర్తొస్తుంది. ఇద్దరు వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు. ఏమీ లేదని చెప్పి మేమే దాన్ని ఒంటరిగా పంపాం."

చెప్పడం అయిపోయాక కూడా నాన్న మంటలోకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"నాకూ ఇనపడతాది. పొద్దున పడవ ఎక్కేటప్పుడు. 'నాయనా, నేనూ వస్తా' అంటాడు."

అమ్మ నోరు తెరిచి ఆయన్ను చూసింది. "మరి నాతో ఏం లేదంటివే?"

"నువ్వు కూడా ఇంటాండావంటే నాకు భయం, అందుకే."

అమ్మ లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ముసుగవ్వకు ఆ మాటలు ఎవరూ తర్జుమా చేయలేదు. చేయనవసరం లేకపోయింది. ఆమె కదురు తీసుకుని మళ్ళీ వడకడం మొదలుపెట్టింది.

మర్నాడు మేము బయలుదేరుతుంటే అవ్వ అమ్మ రెండు భుజాలూ పట్టుకుని, ముసుగు ముక్కును అమ్మ ముక్కుకు ఆనించింది. వాళ్ళలో ఆత్మీయులకు అలా వీడ్కోలు చెబుతారట. మళ్ళీ ఆమెను మేము చూడలేదు. ఆమె మొహం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

సింగపూరుకు తిరిగి వచ్చాక అమ్మకు అంతా నయమైపోయిందని చెబితే అది కట్టుకథ అవుతుంది. ఆమె వింటూనే ఉంది. కానీ విన్నప్పుడు ఇంట్లో చెప్పేది. నాన్న పేపరు పక్కన పెట్టి లేచేవాడు. ఇద్దరూ వరండా చివరిదాకా నడిచి వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, తమ్ముడి ఏదో ఒక అల్లరి చెప్పుకుని తిరిగి వచ్చేవారు. కొన్నిసార్లు నవ్వుతూ కూడా వచ్చేవారు. వాడి పేరు మా ఇంట్లోకి తిరిగి వచ్చింది. నేను మళ్ళీ ధనధనా అడుగులు వేస్తూ నడవసాగాను. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. పెద్దయ్యాక ఇసుక పాడటం గురించి చదివాను, దానికి కారణాలున్నాయి, ఒప్పుకుంటాను. గాలి పడిపోయాక వినిపించిన ఆ రెండోదాని గురించి మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. దాన్ని గురించి ఎవరితోనూ వాదించను.

నేనిప్పుడు సింగపూరులోనే, సెరంగూన్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక చైనీస్ ఆంటీ ఉంది. ఆమె భర్త నిరుడు పోయాడు. ప్రతి సాయంత్రం, ఒకప్పుడు ఆయన మార్కెట్ నుంచి లిఫ్టులో పైకి వచ్చే వేళకు ఆమె ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని లిఫ్టుకు ఎదురుగా కూర్చుంటుంది. ఆమె కొడుకు మంచివాడు. బాధపడి, "పా ఈజ్ గాన్ ఆల్‌రెడీ లా, మా. నథింగ్ దేర్," అంటాడు. ఆ మాట మొదటిసారి విన్నరోజే మా ఇంట్లోంచి నేనూ ఒక కుర్చీ తెచ్చుకుని ఆమె పక్కన వేసుకున్నాను. అప్పటి నుంచి రోజూ వెళ్తాను. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. ఉన్న కాస్త ఇంగ్లీషుతో ఆయనకు ఏ చేప ఇష్టమో, ఎంత గట్టిగా గురక పెట్టేవాడో చెబుతుంది.

నా మనవరాలు ఒకరోజు నవ్వుతూ అడిగింది. "అమ్మమ్మా, యూ వెయిటింగ్ ఫర్ హూ?"

"ఎవరి కోసమూ కాదే. ఆంటీ ఒక్కతే ఎదురు చూడకూడదని," అన్నాను.

దానికి అర్థమైందో లేదో. నాకు ఆ దిబ్బ మీద అర్థమైంది ఆ ఒక్కటే, ఇన్నేళ్ళుగా నా దగ్గర ఉన్నదీ అదే. వినిపిస్తోందని ఎవరైనా అంటే, లేదని అనలేను. పక్కన కూర్చుంటాను.

నిన్న సాయంత్రం ఆంటీ ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. "యూ హియర్?" అంది. నేను విన్నాను. లిఫ్టు పైకి వస్తోంది. మా అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల దీపం వెలుగుతోంది, మనిషి ఎవరూ లేరు. ఎవరో దిగిపోవడానికి పట్టేంతసేపు తలుపు అలాగే తెరుచుకుని ఉంది.

"హియర్, ఆంటీ," అన్నాను.

ఆమె తల ఊపింది. తలుపు మూసుకునేదాకా ఇద్దరం కదలలేదు.